‘భారతి’ మాసపత్రిక – అరవై ఏడేళ్ళ చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంఘం వారు కోరగా, మన తరం వారిలో చాలామంది చదివి పెరిగిన ‘భారతి’ని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

‘భారతి’ 1924 జనవరిలో మద్రాసులో ప్రారంభమైంది. స్థాపకులు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణా జిల్లాలో పుట్టి బొంబాయి చేరిన పంతులుగారు 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన రాబడిని తెలుగు అక్షరానికి ధారపోశారు. 1908లో బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. వార్తలకు దినపత్రిక చాలును గాని, సాహిత్యం, చరిత్ర, కళలు తీరిగ్గా చదువుకోవలసినవి. అందుకే ‘భారతి’ వచ్చింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టి మంచి పుస్తకాలను తక్కువ వెలకు అందించారు. 1938లో పంతులుగారు కాలధర్మం చెందగా, ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు ఆ బాధ్యత వహించారు.

‘భారతి’లో పేరు అచ్చయితే పండితుల్లో లెక్క. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి చరిత్రకారులు శాసనాల సంగతులు అందులో వ్రాశారు. ఒక్కొక్క రాజు కాలాన్ని గూర్చి నెలల తరబడి వాదోపవాదాలు నడిచేవి.

మన ప్రాంతానికీ ఆ పత్రికకూ గట్టి బంధమే ఉంది. విజయనగరం చాసోగారి తొలి కథ ‘చిన్నాజీ’ 1942లో ‘భారతి’లోనే వచ్చింది. విశాఖ రావిశాస్త్రిగారి ‘అల్పజీవి’ నవల అందులోనే ధారావాహికంగా వెలువడింది.

మా రామతీర్థం సంగతే తీసుకోండి. రాములవారి దర్శనానికి వచ్చేవారు కోకొల్లలు. గురుభక్తుల కొండ మీద బౌద్ధ స్తూపాలు, విహారాల శిథిలాలు ఉన్నాయనీ, బోధికొండ మీద జైన తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయనీ, తూర్పు చాళుక్య రాజైన విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనం ఒకటి ఇక్కడ ఉందనీ ఎందరికి తెలుసు? ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో అలెగ్జాండర్ రీ దొరగారు ఇక్కడ తవ్వకాలు జరిపి ఇంగ్లీషులో నివేదికలు వ్రాశారు. అటువంటి విషయాలను తెలుగు చదివిన గుమాస్తాకూ, బడిపంతులుకూ తెలుగులో అందించడమే ‘భారతి’ వంటి పత్రికలు చేసిన మేలు. రాళ్ళను చూసే చూపు నాకు అబ్బింది అలాంటి వ్యాసాలు చదివే.

‘ఆంధ్రపత్రిక’ మూతపడిన 1991లోనే ‘భారతి’ కూడా ఆగిపోయింది. స్కాట్లాండులో 1739లో మొదలైన ‘స్కాట్స్ మ్యాగజైన్’ మధ్యలో చాలా ఏళ్ళు ఆగి కూడా మళ్ళీ లేచింది. ఆ దేశపు పల్లెలను, కొండలను, ఆచారాలను గూర్చి ఇప్పటికీ వ్రాస్తోంది. మన ‘భారతి’కి ఆ యోగం పట్టలేదు.

ఆగిన పత్రిక బ్రతికేది దాచిన ప్రతుల్లోనే. కాళీపట్నం రామారావు మాస్టారు, మనలాగే రిటైరైన ఉద్యోగి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి, పాత పత్రికలను వెతికి వెతికి కూడబెట్టారు. 2021లో ఆయన కన్నుమూసినా ఆ నిలయం నిలిచి ఉంది. ప్రెస్ అకాడమీ వారు ‘భారతి’ పాత సంచికలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇది సంతోషించవలసిన విషయం.

అయితే నాకు తెలిసిన ఒక ఉద్యోగ మిత్రుడు ఏళ్ళ తరబడి బైండు చేయించి దాచుకున్న సంచికలు, ఆయన పోయిన నెల తిరక్కుండానే పాత కాగితాల వానికి తూకానికి వెళ్ళిపోయాయి. పిల్లల తప్పు లేదు, వారికి వాటి విలువ చెప్పినవారు లేరు. ఆఫీసులో ఏ ఫైలు ఎన్నేళ్ళు ఉంచాలో, ఏది శాశ్వతంగా దాచాలో రూలు ఉండేది. ఇంటి అటకకు ఆ రూలు మనమే వ్రాయాలి.

కనుక సభ్యులందరికీ నా మనవి: మీ అటక మీద ‘భారతి’ గాని, మరే పాత పత్రిక గాని ఉంటే దుమ్ము దులిపి, సంవత్సరం, నెల వారీగా ఒక జాబితా వ్రాయండి. అవి ఏ గ్రంథాలయానికి చేరాలో మీ పిల్లలకు ఇప్పుడే చెప్పండి. పెన్షను కాగితాలతో పాటు ఆ జాబితా కూడా ఒకే కవరులో పెట్టండి.