డబ్ల్యూఓఎక్స్‌వై రేడియో కేంద్రము

డబ్ల్యూఓఎక్స్‌వై అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒహైయో రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణం నుండి నడచిన రాక్ సంగీత రేడియో కేంద్రము. 97.7 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై ప్రసారమగుట వలన దీనికి "97ఎక్స్" అనే పేరు స్థిరపడినది. ఈ కేంద్రపు రాక్ ప్రసారాలు 1983 నుండి 2004 వరకు ఎఫ్.ఎం.లోను, ఆ తరువాత కొన్ని విరామాలతో 2010 వరకు అంతర్జాలంలోను సాగినవి. శ్రోతల అభిమానం పుష్కలంగా ఉన్నా ఒక చిన్న కేంద్రం ఎందుకు నిలువలేకపోయినదో తెలుసుకొనుటకు దీని చరిత్ర మంచి ఉదాహరణ.

నేపథ్యము

ఆక్స్‌ఫర్డ్ పట్టణం సిన్సినాటి నగరానికి వాయవ్య దిశలో, బట్లర్ కౌంటీలో ఉన్నది. 1809లో స్థాపించబడిన మయామీ విశ్వవిద్యాలయం ఈ ఊరిలోనే ఉన్నది. (ఫ్లోరిడాలోని మయామీ నగరానికీ దీనికీ సంబంధం లేదు.) అందువలన ఊరు చిన్నదైనా యువ శ్రోతలకు కొరత లేదు.

డగ్ బలోగ్, లిండా బలోగ్ దంపతులు 1981లో ఈ కేంద్రాన్ని కొనుగోలు చేసి, 1983 సెప్టెంబరులో దీనిని "మోడర్న్ రాక్" సంగీతానికి మార్చారు.

ప్రసారాలు

జనాదరణ పొందిన పాటలనే పదే పదే వినిపించడం ఆనాటి వాణిజ్య కేంద్రాల పద్ధతి. 97ఎక్స్ అందుకు భిన్నంగా కొత్త బృందాలకు, అంతగా పేరు రాని గాయకులకు చోటిచ్చింది. బిల్‌బోర్డ్ పత్రిక మోడర్న్ రాక్ పాటలకు ప్రత్యేక పట్టికను 1988లో మొదలుపెట్టినది. ఈ కేంద్రం అప్పటికి ఐదేళ్ళుగా అదే సంగీతాన్ని ప్రసారం చేస్తున్నది. ఏటా మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులలో 500 పాటలను వరుసగా వినిపించే "మోడర్న్ రాక్ 500" దీని ప్రసిద్ధ కార్యక్రమము.

1988లో విడుదలైన రెయిన్ మ్యాన్ చలనచిత్రంలో డస్టిన్ హాఫ్‌మన్ పోషించిన పాత్ర ఈ కేంద్రపు ప్రచార వాక్యాన్ని పదే పదే వల్లిస్తుంది. దానితో ఈ చిన్న కేంద్రం పేరు దేశదేశాలకు పాకినది.

అమ్మకము

1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం, ఒక సంస్థ దేశం మొత్తం మీద ఎన్ని రేడియో కేంద్రాలు కలిగి ఉండవచ్చుననే పరిమితిని తొలగించినది. పెద్ద సంస్థలు వందల కేంద్రాలను కొన్నాయి. స్వతంత్ర యజమానులకు పోటీ కష్టమైనది. మరోవైపు పెద్ద నగరానికి చేరువలో ఉన్న పౌనఃపున్యాలకు విలువ పెరిగినది. కొనుగోలుదారులకు కావలసినది కేంద్రపు సంగీతం కాదు, ప్రసార అనుమతి మాత్రమే.

97ఎక్స్‌ను ఫస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ అనే సంస్థకు అమ్ముతున్నట్లు 2004 జనవరిలో ప్రకటించారు. వెల సుమారు 56 లక్షల డాలర్లు. 2004 మే 13న ఎఫ్.ఎం.లో రాక్ ప్రసారాలు ముగిసినవి. తరువాత అనుమతి సిన్సినాటికి మరింత దగ్గరగా ఉన్న మేసన్ పట్టణానికి మార్చబడినది.

అంతర్జాలంలో

పౌనఃపున్యం చేయి మారినా, సిబ్బంది కొందరు పెట్టుబడిదారుల సాయంతో 2004 జూలైలో అంతర్జాల ప్రసారాలు ప్రారంభించారు. ఇక్కడ చిక్కులు వేరు. ఎఫ్.ఎం.లో పదిమంది విన్నా పదివేలమంది విన్నా ప్రసార ఖర్చు ఒక్కటే. అంతర్జాలంలో శ్రోతలు పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. పైగా అమెరికా చట్టం ప్రకారం ఎఫ్.ఎం. కేంద్రాలు పాటల రచయితలకు, స్వరకర్తలకు, వారి ప్రచురణకర్తలకు మాత్రమే రుసుము చెల్లిస్తాయి. అంతర్జాల కేంద్రాలు గాయకులకు, రికార్డింగు హక్కుదారులకు కూడా చెల్లించాలి.

డబ్బు చాలక 2006 సెప్టెంబరులో ప్రసారాలు ఆగిపోయినవి. అదే సంవత్సరం లాలా అనే సంగీత సంస్థ ఆదుకొనుటతో మళ్ళీ మొదలైనవి. 2009లో ఫ్యూచర్ సౌండ్స్ అనే సంస్థ దీనిని తీసుకొని టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరానికి తరలించినది. ఆర్థిక ఇబ్బందుల వలన 2010 మార్చి 23న ప్రసారాలు శాశ్వతంగా నిలిచిపోయినవి.