గృహ సౌర విద్యుత్తు

ఇంటి పైకప్పు మీద అమర్చిన సౌర ఫలకాల సహాయంతో సూర్యకాంతి నుండి ఉత్పత్తి చేసుకొనే విద్యుత్తును గృహ సౌర విద్యుత్తు అంటారు. సౌర ఫలకాలు వాడుకలో సోలార్ ప్యానెళ్లుగా ప్రసిద్ధం. ఇంటి కరెంటు బిల్లు తగ్గించుకోవడం దీని ముఖ్య ప్రయోజనం. అయితే ఈ ఆదా అందరికీ ఒకే విధంగా ఉండదు. అది ఇంటి నెలసరి వినియోగం మీద, ఆ వినియోగం పడే ధరల శ్లాబు మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

కాంతి సోకినపుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ గుర్తించాడు. ఆచరణకు పనికివచ్చే తొలి సిలికాన్ సౌర ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ రూపొందించారు. అది తనపై పడిన కాంతిశక్తిలో సుమారు 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగేది. నేడు ఇళ్లకు వాడే ఫలకాల సామర్థ్యం సుమారు 20 శాతం, లేదా అంతకు కొంచెం ఎక్కువ.

భారతదేశంలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ 2010 జనవరిలో ప్రారంభమైనది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కోటి ఇళ్లపై సౌర ఫలకాలు అమర్చే లక్ష్యంతో పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించినది. దీనికి 75,021 కోట్ల రూపాయల వ్యయాన్ని మంత్రివర్గం ఆమోదించినది.

పనిచేయు విధానము

సౌర ఫలకంలోని సిలికాన్ ఘటాలపై కాంతి పడినపుడు ఏకముఖ విద్యుత్తు పుడుతుంది. ఇంటిలోని ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్ వంటివి ఏకాంతర విద్యుత్తుతో పనిచేస్తాయి. కనుక ఇన్వర్టరు అనే పరికరం మొదటిదానిని రెండవదిగా మారుస్తుంది. ఇంటి అవసరానికి పోగా మిగిలినది విద్యుత్ లైనులోనికి పోతుంది. రాత్రివేళ, మబ్బు పట్టినపుడు కావలసిన విద్యుత్తు అదే లైను నుండి వస్తుంది. ఈ రాకపోకలను రెండింటినీ లెక్కించే మీటరును నెట్ మీటరు అంటారు. తీసుకున్న యూనిట్ల నుండి ఇచ్చిన యూనిట్లను తీసివేసి, మిగిలిన వాటికే బిల్లు వేస్తారు. 1,000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిట్.

ఒక కిలోవాట్ సామర్థ్యం గల ఫలకాలకు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని స్థలం కావాలి. తెలుగు ప్రాంతాలలో అవి రోజుకు సగటున 4 యూనిట్లు, అనగా నెలకు సుమారు 120 యూనిట్లు ఉత్పత్తి చేస్తాయి. వానాకాలంలో ఇది తగ్గుతుంది. ఎండ ఎక్కువైన కొద్దీ ఉత్పత్తి పెరుగుతుందనుకోవడం పూర్తిగా నిజం కాదు. ఫలకానికి కావలసినది కాంతి, వేడి కాదు. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.3 నుండి 0.4 శాతం వరకు తగ్గుతుంది.

రకాలు

* లైనుతో కలిసినవి: బ్యాటరీలు ఉండవు, ఖర్చు తక్కువ. అయితే లైనులో కరెంటు పోయినపుడు ఇవి కూడా ఆగిపోతాయి. మరమ్మతు చేసే సిబ్బందికి ప్రమాదం కలుగకుండా ఈ ఏర్పాటు ఉన్నది. మిట్ట మధ్యాహ్నం ఎండలో సైతం ఇంట్లో కరెంటు ఉండదని కొనేవారు ముందుగా తెలుసుకోవాలి.
* లైనుతో సంబంధం లేనివి: విద్యుత్తును బ్యాటరీలలో నిల్వ చేస్తాయి. కరెంటు లైను చేరని చోట్ల ఉపయోగకరం.
* మిశ్రమ రకం: లైను, బ్యాటరీ రెండూ ఉంటాయి. ఖర్చు ఎక్కువ.

ఆదా లెక్క

గృహ వినియోగదారులకు విద్యుత్ ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 ఆర్థిక సంవత్సరపు ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 31 నుండి 75 వరకు 3 రూపాయలు, 76 నుండి 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 126 నుండి 225 వరకు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు.

సౌర విద్యుత్తు బిల్లులోని యూనిట్లను పైనుండి క్రిందికి తగ్గించుకుంటూ వస్తుంది. అనగా అన్నిటికంటే ఖరీదైన యూనిట్లు ముందుగా తగ్గుతాయి. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఈ ధరల ప్రకారం బిల్లు ఇట్లుండును. స్థిర చార్జీలు, ఇతర సుంకాలు ఇందులో కలుపలేదు.

| ఫలకాల సామర్థ్యం | బిల్లుకు వచ్చే యూనిట్లు | బిల్లు (రూ.) | అదనపు ఆదా (రూ.) |
|---|---|---|---|
| లేదు | 300 | 1,673 | - |
| 1 కిలోవాట్ | 180 | 747 | 926 |
| 2 కిలోవాట్లు | 60 | 147 | 600 |
| 3 కిలోవాట్లు | 0 | 0 | 147 |

మొదటి కిలోవాట్ నెలకు 926 రూపాయలు మిగిల్చినది. మూడవ కిలోవాట్ మిగిల్చినది 147 రూపాయలే. మూడవ కిలోవాట్ వలన అదనంగా మిగిలే 60 యూనిట్లకు విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర చెల్లిస్తారు. అయితే అది సాధారణంగా పై శ్లాబు ధర కంటే తక్కువ. ఇంటి పైకప్పు మీద చోటున్నది కదా అని అవసరానికి మించి ఫలకాలు పెట్టించడం లాభసాటి కాదని దీనివలన తెలుస్తుంది.

నెలకు 75 యూనిట్లు మాత్రమే వాడే ఇంటి బిల్లు ఇవే ధరల ప్రకారం 192 రూపాయలు. అట్టి కుటుంబానికి బిల్లు పూర్తిగా పోయినా మిగిలేది అంతే. తెలంగాణలో గృహజ్యోతి పథకం క్రింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు 2024 మార్చి నుండి అమలులోకి వచ్చినది. అట్టి ఉచిత విద్యుత్తు పొందే ఇంటికి ఫలకాల వలన బిల్లులో ఆదా ఉండదు. ఏ.సి., నీళ్ల మోటారు, గీజరు వాడుతూ పై శ్లాబులలోనికి పోయే ఇళ్లకే అధిక ప్రయోజనం.

పెట్టుబడి, రాయితీ

పి.ఎం. సూర్యఘర్ పథకం ప్రకటించినపుడు కేంద్ర రాయితీని 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు మరియు అంతకు మించినవాటికి 78,000 రూపాయలుగా నిర్ణయించారు. మొదటి 2 కిలోవాట్ల ప్రామాణిక ఖర్చులో ఇది 60 శాతం, మూడవ కిలోవాట్ ఖర్చులో 40 శాతం. అనగా మొదటి రెండింటికి ఒక్కొక్కదానికి ప్రామాణిక ఖర్చు 50,000, మూడవదానికి 45,000 రూపాయలు. రాయితీ పోగా ఇంటి యజమాని భరించవలసినది వరుసగా 20,000, 20,000, 27,000.

పై ఉదాహరణలో మొదటి కిలోవాట్ పెట్టుబడి సుమారు 22 నెలలలో, రెండవదానిది సుమారు 33 నెలలలో తిరిగివస్తుంది. మూడవదానికి, మిగులు యూనిట్ల చెల్లింపు లెక్కించకపోతే, సుమారు 15 సంవత్సరాలు పడుతుంది. బజారు ధర ప్రామాణిక ధర కంటే ఎక్కువైతే ఈ కాలం ఆ మేరకు పెరుగుతుంది. రాయితీ పొందుటకు భారతదేశంలో తయారైన ఘటాలు, ఫలకాలు వాడాలి. జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసి, అందులో నమోదైన విక్రేత చేత పని చేయించుకోవాలి. పని పూర్తయి, విద్యుత్ పంపిణీ సంస్థ తనిఖీ చేసిన తరువాత రాయితీ బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. కనుక మొత్తం సొమ్మును ముందుగా సొంతంగానో, బ్యాంకు ఋణంగానో సమకూర్చుకోవలసి ఉంటుంది.

అమరిక, నిర్వహణ

* ఫలకాలు దక్షిణ దిక్కుకు వాలి ఉండాలి. వాలు ఆ ఊరి అక్షాంశానికి దగ్గరగా ఉండడం మంచిది. హైదరాబాదుకు ఇది సుమారు 17 డిగ్రీలు, తిరుపతికి సుమారు 14 డిగ్రీలు.
* నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు, ప్రక్క మేడ వీటి నీడ పడకూడదు. ఘటాలు వరుసగా కలిపి ఉండుట వలన ఒక మూల పడిన నీడ కూడా ఉత్పత్తిని బాగా తగ్గించగలదు.
* దుమ్ము, పక్షుల రెట్టలు పేరుకోకుండా ఉదయం గాని, సాయంత్రం గాని నీళ్లతో కడగాలి. కాలిన ఫలకంపై చన్నీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదమున్నది.
* ఎర్తింగు, పిడుగు రక్షణ తప్పనిసరి. సముద్రతీర ప్రాంతాలలో తుఫాను గాలులను, ఉప్పు తుప్పును తట్టుకొనే చట్రం కావాలి.

ఫలకాల జీవితకాలం సాధారణంగా 25 సంవత్సరాలు. ఉత్పత్తి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఇన్వర్టరు అంతకాలం మన్నదు. మధ్యలో ఒకసారైనా దానిని మార్చవలసి రావచ్చును. ఆ ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోవాలి.

పరిమితులు

అద్దె ఇళ్లలో ఉండేవారికి, సొంత పైకప్పు లేనివారికి ఈ సదుపాయం సులభంగా అందదు. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, నీళ్ల మోటారు వంటి ఉమ్మడి అవసరాల కొరకు నివాసుల సంఘాలు ఫలకాలు అమర్చుకొనవచ్చును. వీటికి పి.ఎం. సూర్యఘర్ క్రింద కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ నిర్ణయించారు. ఫలకాలు పెట్టించదలచినవారు ముందుగా గత పన్నెండు నెలల కరెంటు బిల్లులను వరుసగా చూసుకొని, సగటు వినియోగం ఏ శ్లాబులో ఉన్నదో తెలుసుకొనుట అవసరం. తగిన సామర్థ్యాన్ని నిర్ణయించేది ఆ సంఖ్యే.