బండి కట్టిన గుర్రం ఎంత దూరం పరుగెత్తాలి?

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో సామానుతో ఒక కొస నుంచి రెండో కొసకు నడిచినవారు ఆ ప్లాట్‌ఫారాన్ని అంత తేలిగ్గా మరచిపోలేరు. దాని పొడవు 1,072.5 మీటర్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని మించిపోయాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాలవారు కుటుంబాలతో వచ్చి స్థిరపడిన ఈ రైల్వే పట్టణంలో మా తెలుగు పిల్లలకు ఆ రికార్డు పోవడం కాస్త బాధే. అయినా కొలబద్దగా ఆ ప్లాట్‌ఫారం ఇప్పటికీ పనికొస్తుంది. ఈ పాఠంలో దాన్ని అలాగే వాడుకుందాం.

ముందుగా ఒక చిన్న లెక్క. 1,072.5ను ఒకటిన్నరతో గుణించండి. 1,608.75 వస్తుంది. ఒక మైలు అంటే 1,609.34 మీటర్లు. తేడా సుమారు అరవై సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు వేసినంత. ఇది కాకతాళీయమే, ఇందులో రహస్యమేమీ లేదు. కానీ ఈ ఒకటిన్నర ప్లాట్‌ఫారాల దూరమే ఒక గుర్రపు జాతి పుట్టుకకు కారణమైంది. మన కథ అక్కడినుంచే మొదలవుతుంది.

గుర్రపు పందెం అనగానే మనకు వీపు మీద జాకీ కూర్చుని దౌడు తీయించే పందెమే గుర్తొస్తుంది. హైదరాబాద్ మలక్‌పేటలోనూ కోల్‌కతాలోనూ జరిగేది అదే. బండి గుర్రాల పందెం వేరు. అందులో గుర్రానికి సల్కీ అనే తేలికైన రెండు చక్రాల బండి కడతారు. తోలేవాడు అందులో కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు, ట్రాట్ నడకలోనే పరుగెత్తాలి. మీ చిన్నతనంలో జట్కా ఎక్కి ఉంటే ఆ నడక మీకు తెలిసినదే. ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ ఒకేసారి లేస్తాయి, తర్వాత మిగతా రెండూ. జట్కా గిట్టల చప్పుడు 'టక్-టక్' అని రెండు దెబ్బలుగా వినిపించేది అందుకే. ఒకే పక్కనున్న రెండు కాళ్లూ కలిసి లేచే పేస్ అనే నడకకు వేరే పందేలున్నాయి. గుర్రం ఆవేశపడి దౌడులోకి దిగిందంటే తోలేవాడు దాన్ని వెనక్కి లాగి మళ్లీ నడకలో పెట్టాలి. చాలాచోట్ల అంతటితో అది పందెంలోంచి తప్పుకున్నట్టే. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

అమెరికాలో ఈ పందేలు రోడ్ల మీద పుట్టాయి. తన బండి గుర్రం పొరుగువాడి గుర్రంకన్నా వేగమైనదని నిరూపించాలనే పంతం ఉండేది. దూరానికి నియమం లేదు, పందెం కాసినవాళ్లు ఎంత అనుకుంటే అంత. 1848లో ట్రస్టీ అనే గుర్రం బండి కట్టుకుని 20 మైళ్ల దూరాన్ని గంట లోపే ముగించింది. మన కొలబద్ద ప్రకారం ముప్పై ప్లాట్‌ఫారాలు! 'గంటలో ఇరవై మైళ్లు పోగలదా, లేదా' అన్నదే అక్కడ ప్రశ్న. ఎదుట పోటీ గుర్రం అక్కర్లేదు, గడియారమే ప్రత్యర్థి. ఇలాంటి పందేల్లో జంతువు పడే బాధను పట్టించుకునే ఆలోచన ఆ రోజుల్లో తక్కువ.

అదే కాలంలో మైలు దూరం నెమ్మదిగా స్థిరపడుతూ వచ్చింది. 1845లో లేడీ సఫోక్ అనే బూడిదరంగు ఆడగుర్రం బండి కట్టుకుని మైలు దూరాన్ని 2 నిమిషాల 29½ సెకన్లలో ట్రాట్ చేసింది. రెండున్నర నిమిషాల గోడ దాటిన మొదటి పరుగు అది. ఒకనాటి అద్భుతం తర్వాతి తరానికి కనీస అర్హత అవుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1879లో అమెరికన్ పెంపకందారులు ఒక ప్రమాణం పెట్టుకున్నారు. మైలు దూరాన్ని రెండున్నర నిమిషాల్లో ట్రాట్ చేయగలిగిన గుర్రాలనూ, అలాంటి గుర్రాలతో రక్తసంబంధం ఉన్నవాటినీ మాత్రమే వంశావళి పుస్తకంలో చేర్చుకోవాలి. ఆ ప్రమాణాన్ని అందుకున్న గుర్రాలకే స్టాండర్డ్‌బ్రెడ్ అని పేరు. మామూలుగా జంతువుల జాతులకు ఊరి పేరో, రంగు పేరో, పెంచినవారి పేరో పెడతారు. గడియారాన్ని బట్టి పేరు పొందిన జాతి ఇది.

కొలత ఒకసారి స్థిరపడ్డాక మిగతావన్నీ దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. 1892లో పెద్ద చక్రాల సల్కీల స్థానంలో గాలి టైర్లున్న చిన్న సైకిలు చక్రాలు వచ్చాయి. ఆ ఏడాదే నాన్సీ హాంక్స్ అనే గుర్రం మైలు దూరాన్ని 2 నిమిషాల 4 సెకన్లలో ముగించింది. 1903లో లూ డిల్లన్ రెండు నిమిషాలను అందుకుంది. ఈ మెరుగుదలలో గుర్రం వాటా ఎంత, చక్రం వాటా ఎంత అని అడగడం భౌతికశాస్త్రం చదివినవారి బాధ్యత. పట్టికలో మాత్రం గుర్రం పేరే ఉంటుంది.

ఇప్పుడు గుర్రాల సంఖ్య సంగతి చూద్దాం. ఒక పందెంలో ఎన్ని గుర్రాలుండవచ్చు? ఇక్కడ మీ చేత మరో లెక్క చేయిస్తాను. లోపలి కంచె పక్కన పరుగెత్తే గుర్రానికి ఒకటిన్నర మీటర్ల బయటగా ఇంకో గుర్రం ఒక పూర్తి చుట్టు తిరిగిందనుకోండి. అది ఎంత ఎక్కువ దూరం పోతుంది? వృత్త పరిధి 2πr. వ్యాసార్థం 1.5 మీటర్లు పెరిగితే పరిధి 2π × 1.5, అంటే సుమారు 9.4 మీటర్లు పెరుగుతుంది. విచిత్రమేమిటంటే ఈ సమాధానంలో మైదానం పరిమాణానికి చోటే లేదు. చిన్న మైదానమైనా పెద్ద మైదానమైనా చుట్టుకు 9.4 మీటర్లే. కాబట్టి మైలు పొడవున్న మైదానంలో మైలు పందెం పెడితే బయటి గుర్రానికి 9.4 మీటర్ల నష్టం. అరమైలు మైదానంలో అదే పందేనికి రెండు చుట్లు తిరగాలి, నష్టం 18.8 మీటర్లు. రెండు నిమిషాల మైలు వేగంలో ఇది సుమారు 1.4 సెకన్లు. లేడీ సఫోక్‌కూ లూ డిల్లన్‌కూ మధ్య ఉన్న ముప్పై సెకన్ల తేడాకు 58 ఏళ్లు పట్టిందని గుర్తుంచుకుంటే, 1.4 సెకన్లు ఎంతో మీకే అర్థమవుతుంది.

గుర్రాలు పెరిగేకొద్దీ బయటికి నెట్టబడేవి ఎక్కువవుతాయి. అందుకే చిన్న మైదానాల అమెరికాలో ఒక్కో పందెంలో సాధారణంగా ఎనిమిది, పది గుర్రాలే. పైగా అందరినీ ఒకే వరుసలో బయల్దేరదీయడం పెద్ద తలనొప్పి. ఒక గుర్రం ముందుకురికితే అన్నింటినీ వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెట్టేవారు, కొన్నిసార్లు అనేకమార్లు. 1946లో న్యూయార్క్ దగ్గరి రూజ్‌వెల్ట్ రేస్‌వేలో కారుకు రెక్కల్లాంటి గేటు బిగించి, గుర్రాలను దాని వెనక నడిపించి, వేగం అందుకున్నాక కారు తప్పుకునే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆ తలనొప్పి తగ్గింది. గేటు వెడల్పే గుర్రాల సంఖ్యకు ఒక హద్దు అయింది.

యూరప్‌లో కథ ఇంకోలా నడిచింది. స్వీడన్‌లో 2,140 మీటర్ల పందేలు సర్వసాధారణం. 2,140 ఏమిటి, గుండుగా 2,000 అనవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడి మైదానాలు చాలావరకు 1,000 మీటర్ల చుట్టుకొలతవి. రెండు చుట్లూ, పైన 140 మీటర్లూ. 1,640, 2,640 కూడా ఉన్నాయి. అంకె వింతగా ఉన్నా అది మైదానం కొలతలోంచి వచ్చిందే. ఎక్కువ గెలిచిన గుర్రాన్ని 20 మీటర్లో 40 మీటర్లో వెనకనుంచి బయల్దేరదీసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు ఒకే పందెంలో ఒక్కో గుర్రానికి ఒక్కో దూరం! అదే దేశంలో స్టాక్‌హోం సోల్వల్లా మైదానంలో 1952 నుంచి జరిగే ఎలిట్‌లోపెట్‌లో మాత్రం మైలు పరుగే. పదహారు గుర్రాలను ఎనిమిదేసిగా రెండు పందేల్లో పరుగెత్తించి, ఒక్కోదాంట్లోంచి నాలుగేసి గుర్రాలతో అదే రోజు తుది పందెం పెడతారు. గుంపు సమస్యను వాళ్లు విభజనతో పరిష్కరించారు. దానికి మూల్యంగా గుర్రం ఒకే రోజు రెండుసార్లు పరుగెత్తాలి.

ఫ్రెంచివాళ్లు విభజించలేదు. పారిస్ వాన్‌సెన్ మైదానం పెద్ద చుట్టు సుమారు రెండు కిలోమీటర్లు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన అమెరికన్ సైనికుల గౌరవార్థం 1920లో అక్కడ మొదలుపెట్టిన ప్రి ద అమెరిక్ పందెంలో ఇప్పుడు 18 గుర్రాలు ఒకేసారి బయల్దేరతాయి. దూరం 2,700 మీటర్లు, అంటే రెండున్నర ప్లాట్‌ఫారాలకు కాస్త ఎక్కువ. దాని తర్వాత జరిగే ప్రి ద పారీ 4,150 మీటర్లు, నాలుగు ప్లాట్‌ఫారాలకు కాస్త తక్కువ. ఇంత దూరంలో, ఇంత గుంపులో మొదటి నిమిషంలోనే శక్తంతా ఖర్చుపెట్టే గుర్రం పనికిరాదు. గుంపు మధ్య బెదరకుండా ఉండి, చివరి ఎత్తు దగ్గర ఊపిరి మిగుల్చుకున్నదే గెలుస్తుంది. అమెరికాలో 1926 నుంచి జరుగుతున్న హాంబుల్టోనియన్ మూడేళ్ల గుర్రాలకే. ప్రి ద అమెరిక్‌లో పదేళ్ల గుర్రానికీ చోటుంది. ఊరాజీ అనే గుర్రం 1986, 1987, 1988లలో దాన్ని గెలిచి, పదేళ్ల వయసులో 1990లో నాలుగోసారి గెలిచింది. మైలుకు ఒక రకం గుర్రం తయారైంది, వాన్‌సెన్‌కు ఇంకో రకం.

ఇదంతా ఎక్కడో దూరదేశాల గొడవ అనుకోకండి. బండి గుర్రాల పందేనికి మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో దగ్గరి చుట్టం ఒకటుంది. సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్లకూ జరిగే బండలాగుడు పందెం. కాడి కట్టిన ఒంగోలు జాతి ఎద్దుల జతకు రాతిబండను తగిలించి, నిర్ణయించిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. గమనించారా? గుర్రప్పందెంలో దూరం స్థిరం, కాలాన్ని కొలుస్తారు. ఇక్కడ కాలం స్థిరం, దూరాన్ని కొలుస్తారు. ట్రస్టీ గంటతో పడిన పోటీకి ఇది దగ్గర. ఇక పోటీదారుల సంఖ్య? మైదానంలో ఒకసారికి ఒకే జత. లోపలి కంచె, బయటి వరుస అనే గొడవే లేదు.

వయసు విభాగాలను పళ్లను బట్టి చేస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని. పశువుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పాలపళ్లు ఊడి శాశ్వత పళ్లు జతజతగా వస్తాయి. కాబట్టి పల్లె రైతు చేతిలో పుట్టిన తేదీ కాగితం లేకపోయినా ఎద్దు నోట్లోనే ఉంది. ఈ విభజన పూర్తిగా శాస్త్రీయమైనదే.

మరి ఆ అడుగుల లెక్క? ఉదాహరణకు బండ ఒక టన్ను, నేలతో ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. లాగడానికి కావలసిన బలం 3,920 న్యూటన్లు. జత 20 నిమిషాల్లో 3,000 అడుగులు, అంటే 914 మీటర్లు లాగితే చేసిన పని సుమారు 36 లక్షల జౌళ్లు. దాన్ని 1,200 సెకన్లతో భాగించండి. దాదాపు 3,000 వాట్లు, నాలుగు హార్స్‌పవర్. ఎద్దుల సత్తాను గుర్రాల లెక్కలో చెప్పుకోవలసిరావడం జేమ్స్ వాట్ చలవ. ఇప్పుడు నేల కాస్త మారి ఘర్షణ గుణకం 0.5 అయిందనుకోండి. అంతే పని చేసిన జత 2,400 అడుగుల దగ్గరే ఆగుతుంది. ఎద్దు తప్పేమీ లేకుండా 600 అడుగులు పోయాయి. పొద్దున్నే లాగిన జతకూ, ముందు జతలు నేలను గీకిపోయాక మిట్టమధ్యాహ్నం లాగిన జతకూ చీటీల్లో వచ్చిన వరుసే తేడా. అంటే బయటి వరుసలో పడిన గుర్రం నష్టం ఇక్కడ ఇంకో రూపంలో ఉంది. ఒంటరిగా పోటీపడినంత మాత్రాన అది పోలేదు.

ఇంకో తేడా నాకు దీనికన్నా ముఖ్యమనిపిస్తుంది. ట్రాట్ పందెంలో గుర్రాన్ని శక్తికి మించి తోలితే అది దౌడులోకి దిగుతుంది, తోలినవాడు ఓడిపోతాడు. అతి చేస్తే నష్టమనే హెచ్చరిక నిబంధనలోనే ఉంది. అది పూర్తి రక్షణ అని నేననను. బండలాగుడులో గడియారం ఆగేదాకా అడుగులు పెరుగుతూనే ఉంటాయి. ఎద్దు అలసట ఆ అంకెలోకి ఎక్కడా రాదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎద్దుల బండి పందేలనూ నిషేధించినప్పుడు ఎద్దు శరీరం పరుగు పందేలకు తగినది కాదన్న వాదనకు తీర్పులో ప్రాముఖ్యం ఉంది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని చెప్పింది. చట్టం ఎటు తిరిగినా, ఎంతసేపు, ఎంత బరువు, ఎలాంటి నేల మీద అన్న ప్రశ్నలు కొలిచేవాడి ముందు అలాగే ఉన్నాయి.

వీటిలో నేల ప్రశ్నకు ఒక జవాబు ఎప్పుడో దొరికింది. అమెరికాలో బరువులాగే గుర్రాల పోటీలకు 1920ల్లో ఐయోవా స్టేట్ కళాశాలవారు బండి మీద అమర్చిన డైనమోమీటరును తయారుచేశారు. నేల ఎలా ఉన్నా లాగుడుకు అడ్డుపడే బలం ఆ యంత్రంలో పెట్టినంతే ఉంటుంది. ఆ బలాన్ని జత ఆగకుండా లాగవలసిన దూరం ఇరవై ఏడున్నర అడుగులు, అంటే సుమారు 8.4 మీటర్లు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే రైలు పెట్టె పొడవులో సగం కూడా కాదు. అక్కడ గెలిచిన జతను తేల్చేది అది లాగిన బలమే. లాగడం అయిపోయిందంటే కాడి దించి పక్కకు తోలుకుపోతారు.