ఇబ్రహీంపట్నానికి కమాండోలు ఎందుకొచ్చారు?

హైదరాబాద్ శివార్లలోని కోహెడ పేరు పేపర్లో పడేది ఎక్కువగా పండ్ల మార్కెట్టు సంగతులతోనే. అటు ఇబ్రహీంపట్నంలో జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కమాండోల కేంద్రం ఉందని ఆ సంగతుల మధ్య ఎవరికి గుర్తుంటుంది? దాన్ని ఇక్కడికి రప్పించింది ముంబయి దాడి.

2008 నవంబరు 26 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ముంబయిలో కాల్పులు మొదలయ్యాయి. కమాండోలేమో ఢిల్లీ పక్కన మానేసర్‌లో. వాళ్లను తీసుకెళ్లాల్సిన ఐఎల్-76 విమానమేమో చండీగఢ్‌లో. అది ఢిల్లీకి రావాలి, కమాండోలు ఎక్కాలి, ముంబయిలో దిగాక మళ్లీ బస్సులెక్కాలి. హోటళ్ల దగ్గర రంగంలోకి దిగేసరికి తెల్లారి పొద్దెక్కింది. ఆరితేరిన దళమే, కానీ అప్పటికే రాత్రంతా గడిచిపోయింది.

అసలు ఇలాంటి దళాల అవసరం ప్రపంచానికి తెలిసొచ్చింది 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో, క్రీడాకారులను ఉగ్రవాదులు బందీలుగా పట్టుకున్నప్పుడు. బందీలను విడిపించే శిక్షణ లేని పోలీసులు విమానాశ్రయంలో ఎదురుకాల్పులకు దిగితే, అక్కడున్న తొమ్మిది మంది బందీలూ చనిపోయారు. వారాల్లోనే పశ్చిమ జర్మనీ జీఎస్‌జీ-9ను పెట్టుకుంది. మనకు 1984లో, ఆపరేషన్ బ్లూస్టార్ తరవాత, ఎన్‌ఎస్‌జీ వచ్చింది, 1986లో చట్టమైంది. పంజాబ్ ఉగ్రవాదం, విమానాల హైజాకింగులే బెడదగా ఉన్న రోజుల్లో దళమంతా రాజధాని పక్కనే ఉండటం ఎవరికీ తప్పనిపించలేదు. ముంబయి తరవాత, 2009లో ముంబయి, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లకు ఒక్కో కేంద్రం ఇచ్చారు. ఇబ్రహీంపట్నం ప్రాంగణాన్ని 2018లో అప్పటి కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు.

ఒక విషయంలో మాత్రం మనవాళ్లు ముందున్నారు. 2007 ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరగ్గానే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన సొంత దళం ఆక్టోపస్‌ను తయారు చేసుకుంది. అప్పటికి ముంబయి దాడి ఇంకా జరగనేలేదు. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లోనే గ్రేహౌండ్స్‌ను నిలబెట్టిన పోలీసుశాఖకు ఇది కొత్త విద్య కాదు.

అయితే దళం దగ్గరున్నంత మాత్రాన అన్నీ ఆగవు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టింది సైకిళ్లకు. జనంలో నిలబెట్టిన సైకిలును కమాండో ఏం చేస్తాడు? ఆ కేసు తేలింది దర్యాప్తులోనే: అదే ఏడాది ఆగస్టులో నేపాల్ సరిహద్దులో ఆ కేసు నిందితుడు యాసిన్ భత్కల్ దొరికాడు, 2016లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కోర్టు అతనితో సహా ఐదుగురికి ఉరిశిక్ష వేసింది.