జమీందారీ వారసత్వము – రైతు హక్కు

భూమి తరతరములకు నిలుచును. దాని ననుభవించు మనుష్యుడు నిలువడు. కావున తండ్రి యనంతరము భూమి యెవరికి చెందవలె నను ప్రశ్న ప్రతి దేశమునందును పుట్టినదే. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో దీనికి రెండు విధములైన సమాధానము లుండెను.

సామాన్య కుటుంబములలో అన్నదమ్ములు ఆస్తిని సమముగా పంచుకొనెడివారు. జ్యేష్ఠునకు అధిక భాగము మనుస్మృతిలో చెప్పబడినను, మితాక్షరకర్త యగు విజ్ఞానేశ్వరుడు అట్టి పంపకము లోకమున కిష్టము కాదని విడిచిపెట్టెను. ఆడపిల్లలకు మాత్రము అందు భాగము లేకుండెను.

జమీందారీల సంగతి వేరు. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస వంటి సంస్థానములు రాజ్యములవలె అవిభాజ్యములు. గద్దె పెద్దకుమారునిది; తమ్ములకు మనోవర్తియే గతి. సంతు లేనప్పుడు చిక్కు లధికము. 1897 లో ఆనంద గజపతి మహారాజు నిస్సంతుగా మరణింపగా ఆయన తల్లి దత్తత చేసికొనెను. ఆ దత్తతపై వ్యాజ్యము చాలకాలము నడచెను. పిఠాపురము వ్యాజ్యమున 1899 లో ప్రివీ కౌన్సిలు, జమీందారు అవిభాజ్య సంస్థానమును వీలునామా ద్వారా తన యిష్టము వచ్చినవారి కీయవచ్చునని తీర్పు చెప్పెను. సంస్థానములు చేజారునను భయముచే 1904 లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి ఆ స్వేచ్ఛకు హద్దు లేర్పరచెను.

ఇట్టి ఆచారమే సముద్రముల కావల అమెరికాలోను ఉండెను. వర్జీనియాలో వీలునామా లేనిచో భూమి యంతయు పెద్దకుమారునికే చెందెడిది. వంశము దాటి అమ్మరాని కట్టడి గల ఎస్టేటులును ఉండెను. మసాచుసెట్సులో 1641 నాటి శాసనము పెద్దకుమారునికి రెండు భాగము లిచ్చెను. జెఫర్సను ప్రయత్నముచే వర్జీనియాలో 1776 లో ఆ కట్టడియు, 1785 శాసనముతో జ్యేష్ఠాధికారమును తొలగినవి; కొడుకులకును కూతుళ్లకును సమభాగము వచ్చెను.

అయినను ఆ పొలములను దున్నిన నీగ్రో బానిసల స్థితి మారలేదు. వారును ఆస్తిలో భాగమే. వారసులు పంచుకొనునపుడు భార్య యొకరికి, భర్త యొకరికి, బిడ్డ లింకొకరికి పోవుటయు కలదు. 1865 వరకు వారికి విముక్తి రాలేదు. వారసుల మధ్య న్యాయము వేరు, శ్రమించువారికి న్యాయము వేరు అని దీనివలన తేలుచున్నది.

మనప్రాంతమున క్రమము తారుమారైనది. 1802 నాటి శాశ్వత పైసలా జమీందారు హక్కును స్థిరపరచెను గాని రైతు హక్కు సందిగ్ధముగనే యుండెను. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము, సాగుచేయు రైతునకు తన బిడ్డలకు సంక్రమింపగల జిరాయితీ హక్కు నిచ్చెను. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దై, రైతు నేరుగా ప్రభుత్వమునకే శిస్తు చెల్లించువాడయ్యెను.

ఆడబిడ్డల హక్కు ఆ తరువాత వచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి సొంత ఆస్తిలో వారికి కొడుకులతో సమభాగ మిచ్చెను. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణతో అవివాహితలకును, 2005 లో దేశమంతట కుమార్తె లందరికిని లభించెను.

గద్దెకు వారసుని వెదకిన వ్యాజ్యములు ముగిసినవి. కాని ప్రతి గ్రామమున పంపకముల కాగితములు నేటికిని వ్రాయబడుచునే యున్నవి. ఆ కాగితములలో తోబుట్టువు పేరును చేర్చుట పెద్దల విధి.