వంద గజాల అవతల: రివాల్వరు, మస్కెట్టు, మన్యం

రివాల్వరుతో వంద గజాల దూరంలో ఉన్న మనిషిని కొట్టొచ్చా? మన సినిమాల్లో అయితే కొట్టొచ్చు. హీరో జీపులోంచి ఒంటిచేత్తో పేలుస్తాడు, కొండమీద ఉన్నవాడు గింగిరాలు తిరుగుతూ కింద పడతాడు. కృష్ణ 1974లో తీసిన "అల్లూరి సీతారామరాజు" చూసినా, 2022లో వచ్చిన "ఆర్ ఆర్ ఆర్" చూసినా తుపాకీకి, దూరానికి మధ్య సంబంధం ఉన్నట్టు ఎవరికీ అనిపించదు. మా నర్సీపట్నం పైనున్న కొండల్లో 1922 నుంచి 1924 దాకా జరిగిన పోరాటంలో మాత్రం ఈ దూరం లెక్కే చాలా సంగతుల్ని తేల్చేసింది. రాజుగారి గురించి పుస్తకాల్లో మంత్రాలు, మహిమలు, మిరపకాయ టపాలు బోలెడు చదివాను గానీ, ఎన్ని గజాల నుంచి కాల్చారు అన్న మాట ఎవరూ ఎత్తరు. ఇంజినీరింగ్ చదివిన బుర్రకి అదే దురద :)

ముందు లెక్క చూద్దాం. ఆనాటి బ్రిటిష్ ఆర్మీ రివాల్వరు వెబ్లీ మార్క్ 6. 1915లో వచ్చింది, .455 బోరు, ఆరంగుళాల బ్యారెల్. గుండు పెద్దదే కానీ నెమ్మది, సెకనుకి సుమారు 190 మీటర్లు. వంద గజాలు చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. అర సెకనులో ఏ వస్తువైనా ఎంత కిందకి పడుతుందో ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్నదే. ఇక్కడ దాదాపు నాలుగడుగులు వస్తుంది. అంటే తలకి గురిపెడితే గుండు తొడ దగ్గరకి పోతుంది. అదే .303 రైఫిల్ గుండు సెకనుకి 740 మీటర్ల పైన పోతుంది, వంద గజాలకి మూడంగుళాలు పడుతుందంతే.

ఈ పడిపోవడం అసలు సమస్య కాదండీ. ఎంత పడుతుందో తెలిస్తే అంత పైకి గురిపెట్టొచ్చు. అసలు చిక్కు గురి గీతతో. రివాల్వరు మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య ఏడెనిమిది అంగుళాలే ఉంటుంది. చెయ్యి వణికి ఆ రెండిటి వరస ఒక్క మిల్లీమీటరు తప్పితే, వంద గజాల దగ్గర అది అడుగున్నర తేడా అవుతుంది. రైఫిల్ మీద సైట్ల మధ్య దూరం పందొమ్మిది అంగుళాల దాకా ఉంటుంది కాబట్టి అదే మిల్లీమీటరుకి ఏడంగుళాలే తప్పుతుంది. పైగా రైఫిలుకి భుజం ఆసరా ఉంటుంది, పిస్టలుకి మణికట్టు తప్ప దిక్కులేదు. అంచేత పిస్టలు దూరం కొట్టలేకపోవడం దాని నేరం కాదు. గుండు వెళ్తుంది, మనమే సరిగ్గా పంపలేం.

మరి జనం ఎందుకు కొడతారు? సరదాకి. ఆన్‌సైటులో ఉన్నప్పుడు ఓ శనివారం ఆఫీసు స్నేహితుడు ఔట్‌డోర్ రేంజికి తీసుకెళ్ళాడు. అద్దెకి తీసుకున్న 9 ఎమ్మెమ్ పిస్టలు, వంద గజాల దగ్గర వేలాడదీసిన ఇనప పలక. మొదటి ఇరవై గుండ్లూ మట్టికే. పక్కనున్న పెద్దాయన "పలక పైఅంచు కంటే కొంచెం పైన చూడు, ట్రిగ్గరు లాగకు, నొక్కు" అన్నాడు. తర్వాతి గుండుకి... ఏమీ లేదు... అర సెకను ఆగి "టంగ్" అని వినిపించింది. గుండు అక్కడికి పోవడానికీ, చప్పుడు మన చెవిదాకా రావడానికీ పట్టే టైమది. ఆ అర సెకను ఖాళీలోనే ఉంది మజా అంతా. రాత్రంతా కుస్తీపట్టిన కోడు తెల్లారి మొదటిసారి రన్ అయినప్పుడు ఎలా ఉంటుందో, అలాగ.

ఈ సరదాకి పాత చరిత్రే ఉంది. 1865 జూలై 21న అమెరికాలో మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డులో వైల్డ్ బిల్ హికాక్ అనేవాడు డెబ్భై అయిదు గజాల దూరం నుంచి కోల్ట్ నేవీ రివాల్వరుతో డేవిస్ టట్ అనేవాణ్ణి చంపాడు. నూట అరవై ఏళ్ళయినా ఆ ఒక్క గుండు గురించి ఇంకా రాస్తూనే ఉన్నారంటే అది ఎంత అరుదో అర్థం చేసుకోవచ్చు. అక్కడే 1976లో హ్యాండ్‌గన్ సిల్హౌట్ పోటీలకంటూ ఒక సంఘం పుట్టింది. కోడి, పంది, టర్కీ, పొట్టేలు ఆకారంలో ఇనప బొమ్మలు 50, 100, 150, 200 మీటర్ల దగ్గర నిలబెడతారు, పిస్టలుతో పడగొట్టాలి. ఒలింపిక్స్‌లో అయితే పిస్టలుకి అత్యధిక దూరం 50 మీటర్లు, అందులో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. 2016 రియో తర్వాత ఆ ఈవెంటు కూడా తీసేశారు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది 10, 25 మీటర్ల పోటీల్లో. ప్రపంచంలో ఎంతో నేర్పున్న చేతులకే దూరం ఇదీ.

సరే, మన్యానికొద్దాం.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయం నేరమైపోయింది. పైన రోడ్డు పనుల్లో వెట్టి, కూలీ ఎగవేత. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు ఇప్పటికీ మా వైపు తిట్టుకిందే లెక్క. తుపాకుల సంగతికొస్తే, 1878 ఆయుధ చట్టం తర్వాత మామూలు జనం దగ్గర లైసెన్సు లేని తుపాకీ ఉండకూడదు. మన్యంలో మిగిలింది విల్లంబులు. బాణం చప్పుడు చెయ్యదు, పొగ రాదు, కానీ ముప్ఫై నలభై గజాలు దాటితే నమ్మకం లేదు.

అందుకే మొదటి పని స్టేషన్ల మీద పడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్య దొరని కూడా విడిపించారు. తీసుకెళ్ళినవాటి పట్టీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు రాజు. మొత్తం 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు. మ్యాపు తీసి చూస్తే చింతపల్లి నుంచి రాజవొమ్మంగి దాకా అడవిలో, కొండదారుల్లో నడక. ఆ వేగమే సగం ఆయుధం.

ఇంతకీ ఆ 26 ఏమిటి? ఆనాటి రికార్డుల్లో వాటిని మస్కెట్లంటారు. 1857 తర్వాత తెల్లవాళ్ళు ఒక పాఠం నేర్చుకున్నారు - మంచి తుపాకీ తమ సైన్యానికి, నాసిరకం దేశీ పోలీసుకి. పోలీసు మస్కెట్టంటే లోపల మరలు చెక్కని నున్నటి గొట్టం. ఆ మరల వల్లే గుండు బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. అవి లేకపోతే కొంతదూరం పోయాక దారి తప్పుతుంది. యాభై అరవై గజాల లోపు ప్రాణాంతకం, ఆ పైన దైవాధీనం. భుజానికి ఆనించుకునే తుపాకీయే అయినా దూరం దగ్గరకొచ్చేసరికి అది ఓ పెద్ద పిస్టలు కిందే లెక్క. ఎదుటివాళ్ళ చేతిలో .303 రైఫిళ్ళు. వాటి సైటు మీద రెండువేల గజాల దాకా గీతలుంటాయి.

ఇంకో లెక్క కూడా వెయ్యండి. 2500 తూటాల్ని 26తో భాగిస్తే తుపాకీకి వంద కూడా రావు. నేను ఆ రేంజిలో ఒక్క శనివారం పొద్దున్న అంతకంటే ఎక్కువే కాల్చాను. వాళ్ళకి అవి నెలల తరబడి సరిపోవాలి. రీలోడింగు సామాను లేదు, దుకాణం లేదు, ఇంకో స్టేషను కొడితే తప్ప కొత్త తూటా రాదు. అది కూడా ఎక్కువ కాలం సాగలేదు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకి వెళ్ళేసరికి పోలీసులు తుపాకుల్ని ముందే తరలించేశారు. ఇలాంటి పరిస్థితిలో దూరం నుంచి కాల్చి చూద్దాం, తగిలితే తగిలింది అనుకోడానికి లేదు. తప్పిపోయిన ప్రతి తూటా మళ్ళీ దొరకని తూటా.

ఈ రెండు ఇబ్బందులకీ, అంటే గురిలేని గొట్టం, తూటాల కరువు, రాజు చెప్పిన సమాధానం ఒక్కటే. యుద్ధాన్ని పిస్టలు దూరానికి లాక్కొచ్చాడు.

1922 సెప్టెంబరు 24, దామనపల్లి ఘాట్. స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు బలగంతో కొండదారిలో పోతున్నారు. తిరుగుబాటుదారులు పైన పొదల్లో ఉన్నారు. ముందు నడిచే దేశీ పోలీసుల్ని పోనిచ్చారు. వాళ్ళ మీద ఒక్క గుండూ కాల్చలేదు. అధికారులిద్దరూ కిందకొచ్చాక కాల్చారు, ఇద్దరూ చచ్చిపోయారు. మనవాళ్ళని వదిలి దొరల్నే కొట్టాడని ఈ కథని అందరూ దేశభక్తి కోణంలో చెబుతారు. అది నిజమే. నేను చూసేది దాని కింద ఉన్న లెక్క. వరసలో వస్తున్న మనుషుల్లో ఫలానా ఇద్దర్ని ఎంచుకుని కొట్టాలంటే, పక్కవాళ్ళకి తగలకుండా కొట్టాలంటే, నున్నటి గొట్టం తుపాకీతో అది దగ్గర నుంచే సాధ్యం. అంత దగ్గరకి వచ్చేదాకా వేళ్ళు ట్రిగ్గరు మీద పెట్టుకుని ఊపిరి బిగబట్టి ఆగిన మనుషులున్నారే, నా దృష్టిలో గురి అంటే వాళ్ళది. ఆ అడవిలో రెండువేల గజాల సైటు దేనికి పనికొస్తుంది? మలుపు తిరిగితే యాభై గజాలు కనపడితే గొప్ప. ఎదుటివాడి ఖరీదైన తుపాకీ అక్కడ మస్కెట్టుతో సమానం అయిపోయింది.

ఇది అటూ ఇటూ పనిచేసే లెక్క. అదే ఏడాది డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర వరి పొలాల్లో మలబార్ స్పెషల్ పోలీసుతో తలపడాల్సి వచ్చింది. మోప్లా తిరుగుబాటుని అణచడానికి 1921లో పుట్టిన దళం అది. కోతల కాలం పొలంలో చెట్టు లేదు, పొద లేదు, చూపు ఆగే చోటే లేదు. అక్కడ రైఫిల్ మళ్ళీ రైఫిల్ అయిపోయింది. ఆ రోజు పెదగడ్డపాలెంలోనూ, ఆ తర్వాత లింగాపురం దగ్గరా కలిపి డజనుమంది దాకా తిరుగుబాటుదారులు చనిపోయారు. వాళ్ళు అప్పటిదాకా కూడబెట్టుకున్న తుపాకులు కొన్ని పోయాయి. ధైర్యం రెండు నెలల్లో తగ్గిపోలేదు కదా. మారింది ఎదుటివాడు కనపడే దూరం.

"మంచి తుపాకులుంటే గెలిచేవాడు" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగాక కూడా వెంటనే దొరకలేదు. పట్టించింది తూటా కాదు, తిండి. ఊళ్ళని కట్టడి చేశారు, అన్నం పెట్టినవాళ్ళని హింసించారు, గింజ పైకి పోకుండా చేశారు. మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తీసుకొచ్చి, మే 7న చెట్టుకి కట్టేసి మేజర్ గుడాల్ కాల్పించాడని మనకి తెలిసిన కథ. పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం రాసుకుంది. ఏ కథ తీసుకున్నా ఆ చివరి దూరానికి సైట్లూ అక్కర్లేదు, లెక్కా అక్కర్లేదు. ఆయనకప్పుడు ఇరవై ఆరు నిండి పది నెలలు. నాకంటే చిన్నవాడు.

ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. కవర్డ్, హేటర్ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. మొదటిదానికి జనం వెళ్తారు, రెండోవి ఉన్నాయని మా ఊళ్ళోనే చాలామందికి తెలీదు. చలికాలంలో లంబసింగి పొగమంచు చూడ్డానికి హైదరాబాదు నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు ఎలాగూ నర్సీపట్నం మీదుగానే పోతారు. ఘాట్ ఎక్కేటప్పుడు ఓ మలుపులో బండి పక్కన ఆపి, దిగి, ఎదరున్న పొదల్లోకి చూడండి. ఎంత దూరంలో మనిషి ఉంటే మీకు కనపడతాడో అడుగులతో కొలవండి. నేను కొలిచిన చోట ముప్ఫై ఎనిమిది వచ్చాయి.