రెండు దారుల్లో వచ్చిన కోసు కమాను

మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం వైపు వాళ్లకు గోథిక్ చర్చి అనగానే మెదక్ గుర్తొస్తుంది. అంతకన్నా పాతది, దగ్గరిది బొల్లారంలో ఉంది. రెండూ చూస్తేనే ఈ కట్టడం తీరు మన నేల మీద ఎలా మారిందో తెలుస్తుంది.

గోథిక్ పుట్టింది పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ మఠంలో. 1144 నాటికి అక్కడ గర్భాలయం చుట్టూ కొత్త భాగం కట్టారు. అంతకు ముందు చర్చిల్లో అర్ధవృత్తాకారపు కమానులు, దిట్టమైన గోడలు, చిన్న కిటికీలు, లోపలంతా చీకటి. వాటి బదులు వచ్చిన, కొన తేలిన కోసు కమాను బరువును పక్కలకు తక్కువగా, కిందికి ఎక్కువగా దింపుతుంది. కప్పు కింది రాతి పట్టీలు ఆ బరువును స్తంభాల మీదికి చేరుస్తాయి. మిగిలిన తోపును బయటి ఊతగోడలు కాస్తాయి. గోడకు మోత తగ్గింది కాబట్టి దాన్ని తొలిచి పెద్ద పెద్ద రంగుటద్దాలు పెట్టగలిగారు. ఇంగ్లండులో పల్లెటూళ్ల చిన్న చర్చిలు కూడా ఇదే పద్ధతిలో లేచాయి. 16వ శతాబ్దపు మత సంస్కరణలతో ఆ పని సన్నగిల్లింది. 1834లో కాలిపోయిన బ్రిటిష్ పార్లమెంటును మళ్లీ గోథిక్‌లోనే కట్టడంతో ఆ శైలికి కొత్త ఊపు వచ్చింది.

కానీ కోసు కమాను యూరప్ సొత్తు కాదు. కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులో 879 నాటికే వరసలు వరసలుగా ఉంది. పర్షియా మీదుగా దక్కన్‌కు వచ్చి, గోల్కొండ తాపీ పనివాళ్ల చేతుల్లో 1591లో చార్మినార్ అయింది. అంటే ఇంగ్లిషువాళ్లు ఇక్కడికి తెచ్చిన కమాను ఇక్కడివాళ్లకు కొత్త కాదు. తూర్పు దారిలో అది వాళ్లకన్నా ముందే వచ్చేసింది. గోథిక్‌ను పరాయి శైలిగా చూసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత డబ్బుతో కట్టించిందని చెబుతారు. హైదరాబాద్ కంటింజెంట్ దళాల బ్రిటిష్ అధికారుల కోసం లేచిన ఈ చర్చి ఏ ఇంగ్లిషు పల్లె నుంచో ఎత్తుకొచ్చి పెట్టినట్టుంటుంది. 1983 నవంబర్ 20న, తమ పెళ్లిరోజున, ఎలిజబెత్ రాణి, ఫిలిప్ దంపతులు ఇక్కడి ప్రార్థనకు వచ్చారు. అందంగానే ఉంటుంది గానీ, ఇది ఇల్లు వదిలి దూరం వచ్చినవాళ్లు తమ ఊరిని తలుచుకుని కట్టుకున్న గుడి.

మెదక్ కథ వేరు. సికింద్రాబాద్‌లో సైనికులకు పాదిరిగా పనిచేసిన చార్లెస్ వాకర్ పోస్నెట్ 19వ శతాబ్దం చివర్లో మెదక్ చేరాడు. 1914లో అక్కడి చర్చి కట్టడం మొదలైంది. నమూనా గీసింది ఇంగ్లండులో బోల్టన్ ఊరికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ. అది మొదటి ప్రపంచ యుద్ధం కాలం, పైగా చుట్టుపక్కల పల్లెల్లో కరువు. పోస్నెట్ దీన్ని కరువు పనిగా మార్చాడు. రాళ్లు మోసినవాళ్లకు కూలీ, తిండి దొరికాయి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది.

పొడవు దాదాపు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు సుమారు 175. ఎవరెవరో ఖండాల లెక్కన పోల్చి దీన్ని పొగుడుతుంటారు, ఆ పొగడ్త దీనికి అక్కర్లేదు. బలిపీఠం దగ్గర నిలబడి చూడండి చాలు. రంగుటద్దాల కిటికీల్లో ఎదురుగా క్రీస్తు ఆరోహణం, ఇరుపక్కలా జననం, సిలువ. మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవే. ఆ రంగులన్నీ బయటి ఎండ పెట్టిన భిక్ష. గాజు ముక్కల మధ్య సీసపు గీతలు పగలు బొమ్మకు రూపురేఖలవుతాయి. పొద్దు వాలితే బొమ్మంతా ఒకే నల్లటి పలక. సెయింట్ డెనిస్‌లో గోడను పలచన చేసింది ఈ వెలుతురు కోసమే.

నా దృష్టిలో గోథిక్ తెలుగు నేలకు నిజంగా చెందింది మెదక్‌లోనే. బొల్లారంలో అది పాలకుల జ్ఞాపకం. మెదక్‌లో పల్లె జనం ఆకలి రోజుల్లో చేత్తో కట్టి, తరతరాలుగా తెలుగులో ప్రార్థించే చోటు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడ్డాక ఇదే మెదక్ అధ్యక్ష మండలానికి (డయోసిస్‌కు) ప్రధాన దేవాలయం అయింది.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో మెదక్ బస్సులు దొరుకుతాయి. పొద్దున్నే బయలుదేరండి, ఎండ ఉండగానే లోపలికి వెళ్లండి.